ఊహూఁ

సైన్సు టీచరు గదిలోకి వస్తుంటే ముందు చెంచా కనిపించేది, ఆ వెనక టీచరు కనిపించేది. మామూలు స్టీలు చెంచాయే, కాడ దగ్గర కాస్త వంగిపోయింది. దాంతో గాజు గ్లాసు అంచు మీద టింగుమని ఒక్కసారి కొట్టిందంటే ఏడో తరగతి పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. తెరిచిన నోరు తెరిచినట్టే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే. సంవత్సరం మొదట్లో అదొక ఆట అనుకుని కిసుక్కున నవ్వినవాళ్లు ఇప్పుడు కలలో చెంచా మోగినా నిలబడిపోతారని వాళ్ల తల్లులే చెప్పుకునేవారు. ఆమెకు చెంచా టీచరని పేరు స్థిరపడింది. ఆ మాటకు లోకంలో ఇంకో అర్థం ఉందని ఆమెకు తెలియక కాదు. "నేను గ్లాసుకు తప్ప ఇంకెవరికీ చెంచాని కాను" అని స్టాఫ్ రూములో తనే ముందు నవ్వేసేది. దాంతో వెనక నవ్వుదామనుకున్నవాళ్లకు పని లేకుండా పోయింది.

ఆ గది పద్ధతులు ఆ గదివి. గుమ్మం బయట వరసలో నిలబడాలి. లోపలికి వచ్చాక సంచులు బల్ల కిందికి, చేతులు వెనక్కి, చూపు ముందుకి. జారిపోయే జుట్టున్నవాళ్లు ముడి వేసుకోవాలి. టీచరు చెప్పేదాకా ఏదీ ముట్టుకోకూడదు, ప్రయోగం జరుగుతున్నంతసేపు మాట్లాడకూడదు. పని అయ్యాక చేసినవాళ్లూ చూసినవాళ్లూ తలా ఒక గ్లాసు కడిగి, గుడ్డ మీద బోర్లించి, బల్ల తుడిచి వెళ్లాలి. ఇవన్నీ ఆమె ఒక్కొక్కటిగా అలవాటు చేసింది, అరవకుండా, ఎవరినీ కొట్టకుండా. పాఠం అయిపోయి గది ఖాళీ అయ్యాక బోర్లించిన గ్లాసుల వరస చూస్తే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైనది పాఠం చివర వచ్చే ప్రశ్న.

"అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!"

గది కప్పు ఎగిరిపోయేలా చెప్పాలి. ఏ బల్లవాళ్లు అందరూ ఒక్క గొంతుతో చెబితే ఆ బల్ల సీసాలో ఒక గోళీ పడుతుంది. గోడవారగా అరమీద సీసాలు వరసగా ఉండేవి. సీసా నిండిన బల్లవాళ్లు ఆ తర్వాతి ప్రయోగాన్ని తమ చేతులతో చేయవచ్చు, మిగతావాళ్లు చూడాలి. గోళీ పడిన చప్పుడు కోసం పిల్లలు ప్రాణం పెట్టేవారు. తలుపు దగ్గరి బల్ల సీసా రెండుసార్లు నిండి ఖాళీ అయింది. ఆ బల్లకు మైకు అనే పిల్లవాడు నాయకుడు. వాడు గుసగుసలాడితే పక్క తరగతివాళ్లు తిరిగి చూస్తారు కనుక ఆ పేరు వచ్చింది.

కిటికీ బల్ల సీసా మాత్రం ఖాళీగానే ఉండేది. ఆ బల్లకు బడి తెరిచిన కొత్తలోనే వేరే ఊరి బడి నుంచి ఒక పిల్ల వచ్చి చేరింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, మోచేతులు బల్లమీద ఆనించి ముందుకు వంగి కూర్చుంటుంది. అందరూ అర్థమైందని అరిచాక, ఆ అరుపు సద్దుమణిగాక, ఆ పిల్ల నోట్లోంచి చిన్నగా ఒక మాట వచ్చేది.

"ఊహూఁ."

అంతే. తల అడ్డంగా ఊపడం కూడా ఉండదు. దాంతో కిటికీ బల్లకు గోళీ ఉండదు. ఆ పిల్ల అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు, అందరూ ఊహూఁ అనే పిలిచేవారు.

ఆ మంగళవారం కొవ్వొత్తి పాఠం. పళ్లెంలో ఇంకు కలిపిన నీళ్లు, నడిమధ్య నిలబెట్టిన కొవ్వొత్తి. టీచరు కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించింది. బోర్లిస్తూనే తలెత్తి పిల్లల వైపు తిరిగింది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. మైకు కుర్చీ వెనక కాళ్ల మీద ఊగుతున్నాడా, మూడో బల్ల కింద ఏమైనా చేతులు మారుతున్నాయా, ఆమె కళ్లు వాటి మీదే తిరుగుతున్నాయి. గ్లాసులో మంట చిన్నదై ఆరిపోయింది. నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి. పిల్లలు ఆఁ అని నోళ్లు తెరిచారు.

"మంట వెలగాలంటే ఆక్సిజన్ కావాలి. గ్లాసులో ఉన్న ఆక్సిజన్‌ని మంట తినేసింది. ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి. అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!"

కిటికీ బల్ల పిల్లలు ఊపిరి బిగబట్టి పక్కకు చూశారు.

"ఊహూఁ."

"అబ్బా!" అన్నాడు కిటికీ బల్ల మీద ఇంకో పిల్లవాడు, తల బల్లకేసి కొట్టుకుంటూ.

టీచరు విసుక్కోలేదు. మళ్లీ మొదటినుంచీ చెప్పింది, ఈసారి ఇంకా నెమ్మదిగా. మంట, ఆక్సిజన్, ఖాళీ, నీళ్లు. "ఇప్పుడు అర్థమైందా?"

"ఊహూఁ."

"ఏం అర్థం కాలేదమ్మా?"

ఆ పిల్ల లేచి నిలబడింది. క్లాసంతా గుడ్లప్పగించి చూస్తోంది. ఒకసారి గ్లాసు వైపు, ఒకసారి టీచరు చేతిలో చెంచా వైపు చూసింది. "తెలీదు టీచర్" అంది.

"ఏం అర్థం కాలేదో కూడా తెలీదా?" అంది టీచరు. అనేశాక ఆ మాట కాస్త పుల్లగా వచ్చిందని ఆమెకే తోచింది. ఇంతలో గంట కొట్టారు. పిల్లలు గ్లాసులు కడిగి బోర్లించి వరసలో వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర హెడ్ మేడమ్ నిలబడి ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో గాని ముఖం వెలిగిపోతోంది.

స్టాఫ్ రూములో హెడ్ మేడమ్ అందరి ముందూ చెప్పింది. శుక్రవారం నాడు వేరే బడుల నుంచి సైన్సు టీచర్లు వస్తున్నారు, ఈ గది పద్ధతులు చూడటానికే వస్తున్నారు. "పిల్లల్ని అలా కూర్చోబెట్టడం ఎక్కడ నేర్చుకున్నారని నన్నడిగారు. మా టీచరు చెంచాతో నేర్పిందని చెప్పాను" అని నవ్వింది. "ఆ కొవ్వొత్తి పాఠమే చెప్పండి. బాగుంది."

టీచరుకు గాల్లో తేలినట్టయింది. ఎంత కాదనుకున్నా, తను ఓపిగ్గా అల్లుకుంటూ వచ్చినదాన్ని నలుగురూ వచ్చి చూస్తామంటే ఎవరికి సంతోషం కాదు?

"కాకపోతే ఒక్క మాట" అంది హెడ్ మేడమ్, గొంతు తగ్గించి. "ఆ కిటికీ బల్ల పిల్ల. ఆ రోజు లైబ్రరీలో పుస్తకాలు సర్దడానికి పంపిద్దాం. పిల్ల బాధపడదులెండి, పుస్తకాలంటే ఇష్టమట."

"మంచి పని" అన్నాడు లెక్కల మాస్టారు, దిద్దుతున్న కాగితాల మీంచి తలెత్తకుండా. "నా క్లాసులోనూ అంతే. రెండూ రెండూ నాలుగు అంటే ఎందుకు అన్నట్టు చూస్తుంది. అంతమంది ముందు ఊహూఁ అందంటే మీ పరువు గంగలో కలిసినట్టే."

"చూద్దాం మేడమ్" అంది టీచరు. కాదని అనడానికి ఆ క్షణంలో ఆమెకు కారణమేదీ కనిపించలేదు.

బుధవారం పొద్దున కిటికీ బల్ల పిల్లలు ముగ్గురూ కూడబలుక్కుని గుమ్మం దగ్గర కాపేశారు. వాళ్లలో పెద్దరికం వహించిన అమ్మాయి గొంతు సవరించుకుంది. "టీచర్, ఊహూఁని వేరే బల్లకి పంపండి టీచర్. మేము ఒక్కసారి కూడా మా చేతుల్తో ప్రయోగం చెయ్యలేదు. ఇంక సంవత్సరం కూడా అయిపోవచ్చింది."

"ఏ బల్లకి పంపమంటావ్?"

ఆ అమ్మాయి ఆలోచించింది. న్యాయమైన పిల్ల, ఏ బల్ల పేరూ చెప్పలేకపోయింది. "పోనీ ఒక్కదానికే ఒక బల్ల వెయ్యండి" అంది చివరికి.

వాళ్లు వెళ్లాక చూస్తే ఊహూఁ అక్కడే ఉంది, స్తంభం పక్కన. అంతా వినే ఉంటుంది. సంచీ పట్టీ మెలిపెట్టుకుంటూ దగ్గరకు వచ్చింది.

"టీచర్, నేను ఇవాళ చెప్పేస్తాను."

"ఏం చెప్పేస్తావ్?"

"అర్థమైందని."

టీచరు చెంచా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "సరే వెళ్లు, వరసలో నిలబడు" అంది.

ఆ రోజు శుక్రవారానికి రిహార్సల్. అదే పళ్లెం, అదే కొవ్వొత్తి, అవే మాటలు. "అర్థమైందా?" అని ఆమె అడగ్గానే గది మొత్తం అరిచింది. ఆ అరుపులో కిటికీ బల్ల నుంచి నాలుగు గొంతులూ ఉన్నాయి. నాలుగోది సన్నగా, కాస్త వెనకబడి వచ్చినా, వచ్చింది. ఒక క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత మైకు "హే!" అని లేచి చప్పట్లు కొట్టాడు, వాడితో పాటు అందరూ కొట్టారు. కిటికీ బల్ల పెద్దరికం అమ్మాయి ఊహూఁ మెడ చుట్టూ చెయ్యి వేసింది. టీచరు సీసా మూత తీసి గోళీ వేసింది. ఖాళీ సీసా కనుక చప్పుడు గట్టిగా వచ్చింది.

మొక్కిన దేవుడు వరమిచ్చినట్టు ఉండాల్సింది. కాని గోళీ వేసి వెనక్కి తిరుగుతూ ఆమె ఆ పిల్లను చూసింది. రోజూ మోచేతులు ఆనించి ముందుకు వంగే పిల్ల ఇవాళ కుర్చీకి ఆనుకుని నిటారుగా కూర్చుంది, అచ్చం మిగతా పిల్లల్లాగే. పళ్లెం ఇంకా ఎదురుగానే ఉంది, గ్లాసులో నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. ఆ పిల్ల ఒక్కసారి కూడా అటు చూడలేదు. చేతులు వెనక్కి, చూపు ముందుకి. టీచరు నేర్పినట్టే.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వంటింటి బల్ల దగ్గర అత్తగారూ భర్తా పాఠంలో ఉన్నారు. ఆమె భర్త కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తాడు, వచ్చినవాళ్లకల్లా అద్దాల సంగతి విడమర్చి చెప్పడం అలవాటై ఇంట్లోనూ ఆ గొంతు పోదు. ఇప్పుడు తల్లికి కొత్త ఫోను నేర్పుతున్నాడు.

"ఇక్కడ నొక్కితే ఫోటో పెద్దదవుతుంది. ఇలా జరిపితే ఇంకోటి వస్తుంది. వెనక్కి రావాలంటే ఈ బాణం. అర్థమైందా అమ్మా?"

"అర్థమైందిరా."

"మళ్లీ ఒకసారి చెప్పనా?"

"వద్దు వద్దు. బాగా అర్థమైంది" అంది ఆవిడ, చేతులు అడ్డం పెట్టినంత పని చేసి.

అతను తృప్తిగా లేచి స్నానానికి వెళ్లాడు. స్నానాలగది తలుపు గడియ పడిన చప్పుడు విని అత్తగారు ఫోను కోడలి చేతిలో పెట్టింది.

"ఏం చెప్పాడే వాడు?"

"అదేంటత్తయ్యా, అర్థమైందన్నారుగా?"

"అనకపోతే వదుల్తాడా? మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారికి వాడి గొంతు మారుతుంది. ఇంత చిన్న విషయం కూడానా అన్నట్టు మొహం పెడతాడు, అచ్చం వాళ్ల నాన్నే. ఆ మొహం చూడలేక అర్థమైందనేస్తా. అర్థమైందంటే ఏంటనుకున్నావ్, ఇక ఊరుకో నాయనా అని."

టీచరు పగలబడి నవ్వింది. నవ్వుతూనే కూర్చుంది, నవ్వుతూనే ఉల్లిపాయ చేతిలోకి తీసుకుంది, ఆ తర్వాత ఉల్లిపాయ అలాగే పట్టుకుని ఉండిపోయింది. చెవుల్లో చప్పట్లు మోగుతున్నాయి. గది కప్పు ఎగిరిపోయేలా సంవత్సరం పొడుగునా పిల్లలు తనతో ఏం చెబుతున్నారో ఒక్కసారిగా వినిపించింది. ఇక ఊరుకో టీచర్. ఇక ఊరుకో టీచర్.

"ఏమైందే? కళ్లు మండుతున్నాయా? ఇంకా తరగందే!" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. మన కొవ్వొత్తులు ఎక్కడున్నాయి?"

"కరెంటు ఉందిగా?"

"కావాలి."

లోతు పళ్లెం తీసి నీళ్లు పోసింది. నాలుగు చుక్కలు టీ డికాక్షన్ కలిపింది. కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి గ్లాసు బోర్లించింది. బోర్లించగానే అలవాటుగా తలెత్తి ఎదురుగా చూసింది. ఎదురుగా అత్తగారు తప్ప ఎవరూ లేరు. ఆవిడ కుర్చీ ఊపడం లేదు, బల్ల కింద ఏదీ చేతులు మార్చడం లేదు. చూడాల్సిన పిల్లలెవరూ లేకపోయేసరికి టీచరు మొదటిసారి గ్లాసు వైపు చూసింది.

ఏళ్లుగా చెబుతున్న పాఠం. ఎన్నిసార్లు ఆ గ్లాసు బోర్లించిందో లెక్కలేదు. కాని బోర్లించాక, నీళ్లు ఎక్కేదాకా, ఆ నడుమ ఏం జరుగుతుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ కాస్త సేపే పిల్లలు అల్లరి చేసేది, ఆ కాస్త సేపే ఆమె వాళ్లను కాపలా కాసేది.

మంట వెలుగుతోంది. నీళ్లు కదల్లేదు. గ్లాసు అంచు కింది నుంచి ఒకటో రెండో బుడగలు బయటికి వచ్చాయి. బయటికి! మంట కుదించుకుపోయింది, నీలంగా వణికింది. నీళ్లు ఇంకా అక్కడే. మంట ఆరిపోయింది, వత్తి మీంచి పొగ తీగలా లేచింది. అప్పుడు, అంతా అయిపోయాక, నీళ్లు గబగబా గ్లాసులోకి ఎక్కాయి.

"ఇదేంటి?" అంది టీచరు.

మళ్లీ వెలిగించింది. మళ్లీ అంతే. మంట ఆక్సిజన్‌ను కొంచెం కొంచెంగా తినేస్తుంటే నీళ్లు కూడా కొంచెం కొంచెంగా ఎక్కాలి. ఎక్కడం లేదు. మంట పోయాకే వస్తున్నాయి. ఆ బుడగలేమిటి మరి? లోపల ఖాళీ అవుతుంటే లోపలి గాలి బయటికెందుకు పోతుంది? ఆమె గడ్డం బల్లకు ఆనించి, మోచేతులు ముందుకు జరిపి, వంగి కూర్చుంది. తను ఎలా కూర్చుందో కాసేపటికి గాని ఆమెకు తెలియలేదు.

తప్పు చెప్పానేమోనన్న బెంగ రావాలి నిజానికి. వచ్చింది కూడా, వచ్చి గుమ్మంలోనే నిలబడింది. దానికన్నా ముందే ఇంకోటి లోపలికి దూరింది. చిన్నప్పుడు గడియారం వెనక మూత మొదటిసారి తీసి చూసిన నాటి సంతోషం అది. పాఠాలు చెప్పడంలో పడి ఆమె దాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయింది.

"ఏంటే అది, నాకూ చెప్పు" అంది అత్తగారు.

"నాకే అర్థం కాలేదత్తయ్యా."

"హమ్మయ్య" అంది ఆవిడ, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ. "అయితే మళ్లీ వెలిగించు, చూద్దాం."

గురువారం పిల్లలు గ్లాసులు కడుక్కుంటున్నప్పుడు టీచరు కుళాయి దగ్గరకు వెళ్లి ఊహూఁ పక్కన నిలబడింది. మిగతావాళ్లు వెళ్లేదాకా ఆగింది.

"నిన్న నిజంగా అర్థమైందా?"

కుళాయి ధార గ్లాసులో పడి పొంగిపోతోంది. ఆ పిల్ల గ్లాసు వైపే చూస్తోంది. "ఊహూఁ."

"మరెందుకన్నావ్?"

"గోళీ కోసం. అందరికీ వస్తుంది కదా టీచర్, నా వల్ల వాళ్లకి రావడం లేదు."

"రేపు చూడటానికి చాలామంది వస్తారు. నీకు అర్థం కాకపోతే కాలేదనే చెప్పు. ఏం కాలేదో కూడా చెప్పు. నేను తొందరపెట్టను."

"అందరి ముందా?" ఆ పిల్ల తలెత్తింది. "నేను అలా అంటే మీ పేరు పోతుందట కదా టీచర్?"

"ఎవరన్నారు?"

"మైకు."

"నా పేరే చెంచా. అదెక్కడికి పోతుంది?"

ఆ పిల్ల నవ్వింది. పై పన్ను ఒకటి కొంచెం ముందుకు ఉందని, నవ్వితే అది కింది పెదవి మీద కూర్చుంటుందని టీచరు అప్పుడే చూసింది.

హెడ్ మేడమ్ గదికి వెళ్లి, ఆ పిల్లను లైబ్రరీకి పంపనని చెప్పింది. హెడ్ మేడమ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"నిన్న అర్థమైందని చెప్పిందటగా? అయితే భయం లేదు."

"అందుకు కాదు మేడమ్. రేపు కూడా చెబుతుందో లేదో నాకు తెలీదు."

"తెలిసి తెలిసీ పెట్టుకుంటారా? అంత దూరం నుంచి వస్తున్నారు వాళ్లు. తేడా వస్తే మాట పడేది మీరొక్కరే కాదు."

"తెలుసు మేడమ్. కాని ఆ పిల్ల లేకుండా ఆ పాఠం నేను చెప్పలేను."

హెడ్ మేడమ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "మీ క్లాసు, మీ ఇష్టం" అంది చివరికి, ఇష్టం లేని గొంతుతో.

శుక్రవారం గది వెనక గోడవారగా కుర్చీలు వేశారు. వచ్చిన టీచర్లు వరసగా కూర్చున్నారు, ఒళ్లో కాగితాలు, చేతుల్లో పెన్నులు. వాళ్ల నడుమ హెడ్ మేడమ్. లెక్కల మాస్టారు పని లేకపోయినా గుమ్మం దగ్గర చేరాడు. పిల్లలు దువ్వుకున్న తలలతో వరసలో వచ్చారు, సంచులు బల్ల కిందికి పోయాయి, చేతులు వెనక్కి వెళ్లాయి. మైకు చొక్కా గుండీ గొంతుదాకా పెట్టుకుని ఊపిరాడక ఎర్రబడి ఉన్నాడు. టింగుమని చెంచా మోగింది. గది ఆగిపోయింది. వెనక ఎవరో మెచ్చుకోలుగా గుసగుసలాడారు.

టీచరు కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించింది. ఈసారి తలెత్తలేదు. పిల్లలతో పాటు తనూ వంగి చూసింది. టీచరు తమను చూడటం లేదని పిల్లలకు వెంటనే తెలిసిపోయింది, ఏం చెయ్యాలో తోచక వాళ్లూ గ్లాసునే చూశారు. బుడగలు. ఆరిన మంట. ఎక్కిన నీళ్లు.

"పుస్తకం ఏం చెబుతోంది?" అని మైకును అడిగింది. వాడు మంట, ఆక్సిజన్, ఖాళీ, నీళ్లు అని తడుముకోకుండా అప్పజెప్పాడు.

"అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!"

ఆ అరుపు సద్దుమణిగేదాకా టీచరు ఆగింది. గది వెనక పెన్నులు గరగరలాడుతున్నాయి. కిటికీ బల్ల వైపు చూసింది. ఊహూఁ వెనక కూర్చున్న కొత్త మనుషుల్ని చూసింది, హెడ్ మేడమ్‌ను చూసింది, ఆఖరికి టీచరు ముఖం చూసింది. ఆ చూపులో భయం లేదు, జాలి ఉంది.

"అర్థమైంది టీచర్" అంది ఆ పిల్ల, తనొక్కతే, అందరికీ వినబడేలా.

హెడ్ మేడమ్ భుజాలు కిందికి దిగాయి. లెక్కల మాస్టారు బొటనవేలు పైకెత్తి చూపించాడు. కిటికీ బల్లవాళ్లు సీసా వైపు తిరిగారు. గోళీ వేసేస్తే అయిపోతుంది. అంతా అనుకున్నట్టే, అనుకున్నదానికన్నా బాగా అయిపోతుంది. టీచరు గోళీ చేతిలోకి తీసుకుంది. ఆ పిల్ల ఊహూఁ అంటే తనేం మాట్లాడాలో రాత్రంతా సర్దిపెట్టుకుంది గాని, ఈ పిల్ల తనను కాపాడుతుందని అనుకోలేదు. తన పేరు కోసం, తను నేర్పిన అబద్ధమే తనకు తెచ్చి ఇచ్చింది.

ఆ ఒక్క మాట అనడానికి ఇంత బలం కావాలని ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది. ఒక పిల్ల రోజూ ఈ గదిలో, ఇందరి ముందు, ఆ బలం చూపిస్తూ వచ్చింది.

"ఊహూఁ" అంది టీచరు.

పెన్నులు ఆగిపోయాయి.

"నాకు అర్థం కాలేదు" అంది. "ఇన్నేళ్లుగా చెబుతున్నాను. మొన్న ఇంట్లో సరిగ్గా చూశాను. అప్పటినుంచీ అర్థం కావడం లేదు. మీలో ఎవరికైనా నాలాగే అర్థం కాకపోతే, నాకు కాస్త తోడు రండి."

ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దం చెంచా తెచ్చే నిశ్శబ్దం లాంటిది కాదు, ఎప్పుడు ఎక్కడ తెగుతుందో తెలియనిది. తలుపు దగ్గరి బల్ల నుంచి ఒక చెయ్యి లేచింది.

"టీచర్," అన్నాడు మైకు, "నాకు మొదట్నుంచీ కాలేదు టీచర్."

"ఏది, ఈ పాఠమా?"

"అన్నీ టీచర్."

గది గొల్లుమంది. వెనక కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు, హెడ్ మేడమ్ ఒక్కామె తప్ప. ఆ నవ్వుల నడుమ కిటికీ బల్ల దగ్గర ఊహూఁ నెమ్మదిగా ముందుకు వంగింది. మోచేతులు బల్లమీదికి వచ్చాయి.

"టీచర్, మంట ఉన్నంతసేపు నీళ్లు రాలేదు" అంది. "ఆరిపోయాక వచ్చాయి. ఆక్సిజన్ మంట ఉన్నప్పుడే కదా అయిపోయేది?"

"అదే నేనూ చూశాను. అదే నాకూ తెలీడం లేదు."

"బుడగలు కూడా వచ్చాయి" అన్నాడు బల్లకు తల కొట్టుకున్న పిల్లవాడు, ఎవరూ అడగకుండానే. "బయటికి వచ్చాయి."

"నేను చూళ్లేదు!" "వచ్చాయిరా, అంచు దగ్గర." "అబద్ధం!" "మళ్లీ పెట్టండి టీచర్!" "లోపల వేడెక్కింది కదా, గాలికి చోటు చాల్లేదేమో!" "మరి చల్లారాక?" ఏ గొంతు ఎవరిదో తెలియడం లేదు. చేతులు వెనక్కి లేవు, చూపులు ముందుకి లేవు, సగంమంది నిలబడి ఉన్నారు. టీచరు చెయ్యి అలవాటుగా చెంచా మీదికి వెళ్లింది. వెళ్లి, చెంచాను అవతలికి జరిపి, అగ్గిపెట్టె అందుకుంది.

గోళీ ఇంకా ఎడమచేతిలోనే ఉంది. తీసుకెళ్లి కిటికీ బల్ల సీసాలో వేసింది. "ఇది ఇవాళ్టి అర్థమైందికి కాదు," అంది, "ఇన్నాళ్ల ఊహూఁలకి." ఆ బల్ల పెద్దరికం అమ్మాయి ఒక్క క్షణం అయోమయంగా చూసి, అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది.

"సీసా నిండకపోయినా ఇవాళ కిటికీ బల్లవాళ్లే చేస్తారు. మంట నేను వెలిగిస్తాను. గ్లాసు నువ్వు బోర్లించు" అని ఊహూఁ చేతికి గ్లాసిచ్చింది.

మిగతా బల్లలవాళ్లు వచ్చి చుట్టూ మూగారు. వెనక కుర్చీలు జరిగిన చప్పుడైంది. వచ్చినవాళ్లలో పెద్దావిడ ఒకామె కాగితాలు కుర్చీలో పడేసి పిల్లల తలల మీంచి తొంగి చూస్తూ "నేనూ ఇరవై ఏళ్లుగా అలాగే చెబుతున్నానమ్మా, కొంచెం జరగండి" అంది. లెక్కల మాస్టారు ఎప్పుడు లోపలికి వచ్చాడో, మైకు వెనక వంగి ఉన్నాడు. అందరికన్నా ఆఖర్న హెడ్ మేడమ్ లేచింది. కళ్లజోడు సవరించుకుంటూ వచ్చి, బల్ల దగ్గర ఖాళీ ఎక్కడా కనబడక, "నాకు కనపడటం లేదు" అంది కొంచెం కోపంగా. పెద్దరికం అమ్మాయి జరిగి చోటిచ్చింది.

ఊహూఁ గ్లాసు బోర్లించింది. బుడగలు వచ్చాయి, అందరూ వాటిని చూపించుకున్నారు. మంట నీలంగా వణికి ఆరిపోయింది, నీళ్లు ఎక్కాయి. బయట గంట కొట్టారు. ఎవరూ సంచులు తీయలేదు.

పళ్లెం మీంచి తలెత్తి ఆ పిల్ల టీచరును చూసింది. ముందుకు ఉన్న ఆ పన్ను కింది పెదవి మీద కూర్చుంది.

"అర్థమైందా టీచర్?"

"ఊహూఁ" అంది టీచరు.

"అయితే మళ్లీ వెలిగించండి" అంది ఆ పిల్ల, గ్లాసు తుడుచుకుంటూ.